ఆఫీసరమ్మగారి కుండీ

ఆ సోమవారం పొద్దున హెడ్డుగుమస్తా అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ ఒక మాట వల్లె వేసుకుంటున్నాడు. "మేడమ్, సూపరింటెండెంటు కుర్చీ ఖాళీగా ఉంటే ఆఫీసుకే చిన్నతనం." ఇదీ ఆ మాట. ఆఫీసరమ్మ నెల రోజుల ట్రైనింగుకు వెళ్తోంది. తిరిగొచ్చాక ఆ కుర్చీకి ఎవరి పేరు రాయాలో ఆవిడ ఇష్టం. పోటీకి ఉన్నది ఒక్కడే, పక్క సీటు గుమస్తా. ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుని కునుకు తీయడం తప్ప అతనికి వేరే విద్య రాదు. అందుకే ఆఫీసంతా అతన్ని 'కునుకు' అని పిలుస్తుంది. అలాంటివాడితో పోటీ పడడమే తనకు అవమానమని హెడ్డుగుమస్తా ఉద్దేశం. కానీ ఆ కుర్చీ తనకు దక్కకపోతే, రిటైరయ్యేదాకా ఆ కునుకును చూసి లేచి నిలబడి 'సార్' అనాలి. ఆ ఊహలో పడి గడ్డం కింద గాటు పెట్టుకున్నాడు.

ఆయనకు ఇంకో గొప్ప కూడా ఉంది. మొక్కల గురించి తనకు తెలిసినంత ఎవరికీ తెలియదని. ఆఫీసు కిటికీల వెంట ఒకప్పుడు బారుగా కుండీలు ఉండేవి. ఈయన వాటి బాగోగులు నెత్తికెత్తుకున్నాక ఒక్కొక్కటే కాలం చేశాయి. ఇప్పుడా కుండీల్లో వానాకాలం గొడుగులు నిలబెడుతున్నారు. "నర్సరీవాడు రోగిష్ఠివి అంటగట్టాడు" అన్నది ఈయన తీర్పు. ఇంట్లో, నీళ్ళ ముఖం చూడకపోయినా బతికే ముళ్ళమొక్కను కూడా నీళ్ళు పోసి పోసి కుళ్ళబెట్టిన ఘనుడు. అప్పుడేమో "ఆ జాతికి ఆయుష్షు తక్కువ" అన్నాడు.

ఆఫీసుకు వెళ్ళేసరికి ఆఫీసరమ్మ బల్ల మీద ఒక కుండీ ఉంది. వెడల్పాటి ఆకులు, ఆకుల మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలు, మొక్క నవనవలాడుతోంది. ఈయన నోరు తెరిచేలోగా ఆవిడే అందుకుంది.

"రండి రండి, మీకోసమే చూస్తున్నా. మొక్కల విషయంలో మీ చెయ్యి ఎలాంటిదో అందరూ చెప్పారు."

"ఏదో, అభిమానం కొద్దీ అంటుంటారు మేడమ్."

"ఒక్కరు కూడా వేరేలా చెప్పలేదండీ. నేనొచ్చేదాకా ఇది మీ ఇంట్లో ఉండనివ్వండి."

"నా ప్రాణంలా చూసుకుంటాను మేడమ్!"

"అంత కష్టపడకండి. మీరు మామూలుగా మొక్కల్ని ఎలా చూస్తారో అలాగే చూడండి, చాలు. ఈ పని కాస్త చేసిపెడితే, వచ్చాక ఆ కుర్చీ సంగతి మాట్లాడుకుందాం."

గుమ్మం దగ్గర ప్యూనుకు ఎందుకో దగ్గు తెర వచ్చింది. కునుకు కూడా ఆ పూట కళ్ళు తెరిచే ఉన్నాడు. హెడ్డుగుమస్తా ఇవేవీ పట్టించుకోలేదు. వల్లె వేసుకున్న మాటతో పనే పడలేదు, కుర్చీ తనంతట తానే నడిచొస్తోంది.

సాయంత్రం బస్సులో కుండీని ఒళ్ళో పెట్టుకుని, దానికి గాలి తగలాలని కిటికీ పక్కన కూర్చుని ఇంటికి చేరాడు. తలుపు తీసిన భార్య ఆయన్నీ కుండీనీ మార్చి మార్చి చూసింది.

"ఎవరి బిడ్డండీ పాపం?"

"ఆఫీసరమ్మది. నా ప్రమోషను దీని మీదే ఉంది."

"అయితే ప్రమోషను మీద ఆశ వదులుకోండి. మన గడప తొక్కిన మొక్క ఎప్పుడైనా తిరిగి వెళ్ళిందా?"

"శుభం పలకవే అంటే వినవు కదా. ఇవాళ్టి నుంచి నేను తప్ప ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు. చెప్తున్నా!"

ఆ ఇంట్లో ఆయన మాటకున్న విలువ ఆగిపోయిన గోడ గడియారానికి ఉన్నంత. ఆయన తల్లికి నోరులేని మొక్క మీద జాలి పుట్టింది. కొడుకు ఆఫీసుకు వెళ్ళగానే బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసింది. భార్యకు మొక్క మీద కాకపోయినా ప్రమోషను మీద ప్రేమ ఉంది. అత్తగారు కునుకు తీయగానే ఆవిడ ఒక చెంబెడు పోసింది. ఉద్యోగం వెతుక్కుంటానని అక్క ఇంట్లో దిగి, వెతుకులాట కూడా అక్కడే మానేసిన బావమరిది, సీసాలో మిగిలిన నీళ్ళన్నీ అందులోనే గుమ్మరించేవాడు. పొద్దునా సాయంత్రం అసలు వైద్యుడి వంతు ఉండనే ఉంది. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ఎవరికి వారు గుట్టుగా పోశారు. మొక్క కుండీలో లేదు, బావిలో ఉంది.

వారం తిరగకముందే కింది ఆకు పసుపుపచ్చగా తిరిగింది.

"దాహం!" అని తేల్చాడు హెడ్డుగుమస్తా. ఇంకో చెంబు పోశాడు. మరో రెండాకులు పండాయి. మట్టి మీద చిన్న చిన్న దోమలు ముసిరాయి. "పురుగు!" అన్నాడు. వేరే మనిషైతే మట్టిలో వేలు పెట్టి చూసి, తడి ఆరనిచ్చి ఊరుకునేవాడు. కానీ ఊరుకోవడం ఆయన జాతకంలో లేదు. పొద్దున టీ పిప్పి వేశాడు. మధ్యాహ్నం సెలవు పెట్టి మరీ వచ్చి గుడ్డు పెంకుల పొడి చల్లాడు. సాయంత్రం సబ్బునీళ్ళతో తలంటాడు.

"బావా, ఫలహారం, భోజనం, స్నానం అన్నీ అయ్యాయి. ఇక జోలపాట ఒక్కటే బాకీ" అన్నాడు బావమరిది.

"తిని కూర్చునేవాడికి పని విలువ ఏం తెలుస్తుందిరా?"

"పాపం ఆ మొక్క కూడా తిని కూర్చునేదే కదా బావా. నన్ను తిట్టి ఊరుకుంటున్నావు, దాన్ని చంపుతున్నావు."

టీ పిప్పి, సబ్బునురగ కలిసిన నీళ్ళు కుండీ అడుగు చిల్లులోంచి కారి, బాల్కనీ అంచు దాటి, కింది అంతస్తులో ఆరేసిన తెల్ల దుప్పటి మీద పడ్డాయి. కింద ఉండేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆ దుప్పటిని చేతి మీద మడతపెట్టుకుని, కవాతు నడకతో పైకి వచ్చాడు.

"మీ ఇంట్లో టీ ఎక్కువైతే నన్ను పిలవండి, వచ్చి తాగిపోతాను. నా దుప్పటికెందుకండీ పోయడం?"

హెడ్డుగుమస్తా దుప్పటి అందుకుని లోపలికి పంపాడు. దుప్పటి ఉతకడం భార్య పాలబడింది. దాన్ని ఉతికి ఇచ్చి వచ్చి మొగుడితో రెండు రోజులు మాట్లాడలేదు. అప్పటి నుంచి మాస్టారు దుప్పటి మేడ మీదే ఆరేసుకోసాగాడు. మాస్టారి భయానికి కుండీ స్నానాలగదిలోకి మారింది. అక్కడ వెలుతురు లేదు, ఆవిరి మాత్రం పుష్కలం. ఉన్న ఆకులు కూడా వేలాడిపోయాయి. "ఎండ లేకపోతే ఎలా?" అని జ్ఞానోదయమైంది. ఆదివారం మిట్టమధ్యాహ్నం కుండీని మేడ మీదకు మోసుకెళ్ళి నడినెత్తి ఎండలో పెట్టాడు. నీడపట్టున పెరిగిన మొక్క. చూస్తుండగానే ఆకుల అంచులు మాడి కాగితాల్లా ముడుచుకున్నాయి.

అది చూసి తల్లి గుండె చెరువైంది. "అయ్యో, పసిగుడ్డును ఎండలో పడేశాడు కసాయివాడు!" అనుకుని, దండెం మీద ఆరుతున్న తెల్ల దుప్పటి లాగి మొక్కకు నిండా కప్పింది. అది మాస్టారి దుప్పటని ఆవిడకేం తెలుసు! కుండీలో బురద ఉందని మాత్రం దుప్పటికి తెలిసింది. దుప్పటి కోసం మేడెక్కిన మాస్టారు దాని కొస పట్టుకుని మరక పైకెత్తి చూపించాడు.

"అమ్మా, పోయిన వారం టీ పోశారు. ఇవాళ బురద పూశారు. నామీద కోపముంటే నోటితో చెప్పండమ్మా, వింటాను!"

గొడవ సద్దుమణిగాక హెడ్డుగుమస్తా ఆఖరి వైద్యానికి దిగాడు. మొక్కను కుదుళ్ళతో సహా బయటికి లాగాడు. వేళ్ళు నల్లబడి కంపు కొడుతున్నాయి. కుళ్ళింది కోసేస్తే మిగిలింది బతుకుతుందని భార్య కత్తెర తెచ్చి కోశాడు. కోస్తూ కోస్తూ పోతే మిగలడానికేమీ లేదు. చివరికి చేతిలో ఒక కాడ నిలిచింది.

"అక్కా, బావ చేతికి కర్ర వచ్చింది. రిటైరైనట్టే!" అని లోపలికి కేకేశాడు బావమరిది.

ఆఫీసరమ్మ వచ్చే రోజు దగ్గర పడుతోంది. హెడ్డుగుమస్తా కళ్ళముందు కునుకు ఆ కుర్చీలో కూర్చుని ఆవలిస్తున్నాడు. రాలిన ఆకుల్లో మిగిలినదాన్ని జేబులో పెట్టుకుని, తప్పిపోయిన పిల్ల ఫొటో చూపించినట్టు ఊళ్ళో ఉన్న నర్సరీలన్నీ తిరిగి చూపించాడు. దొరికినవన్నీ జానెడు పిలకలే. అంత ఎత్తుది ఎక్కడా లేదు. ఆఖరికి దాన్ని కనిపెట్టింది ఏ పనీ లేక వీధులు కొలిచే బావమరిదే.

"బావా, పళ్ళ డాక్టరు దగ్గర ఉంది. అచ్చం అదే. ముందు గదిలో కుర్చీల పక్కన. వెళ్ళి అడుగుదాం పద."

"అడగ్గానే ఇచ్చేస్తారట్రా? ఆఫీసు పనులు ఎలా అవుతాయో నీకేం తెలుసు? ముందు పరిచయం, తర్వాత మర్యాద, ఆ తర్వాతే పని. ముందు నేను పేషెంటునవ్వాలి."

"పంటినొప్పి లేదుగా నీకు?"

"ఉందనుకుంటే ఉంటుంది."

అలా పరిచయం చేసుకోవడానికి హెడ్డుగుమస్తా డాక్టరు కుర్చీలో పడుకుని నోరు తెరిచాడు. ఏ పన్ను అని అడిగితే తోచిన వైపు వేలు చూపించాడు. డాక్టరు లోపలికి లైటు వేసి చూసి నాలుక చప్పరించాడు. ఎన్నడూ కిక్కురుమనని ఒక దవడ పన్ను లోపల డొల్లగా ఉందట. ఇన్నాళ్ళూ నొప్పి ఎలా ఓర్చుకున్నారండీ అని మెచ్చుకున్నాడు. కాదంటే నొప్పి అబద్ధమని తేలిపోతుంది. అవునంటే పన్ను పోతుంది. సూపరింటెండెంటు కుర్చీ కళ్ళముందు మెదిలింది. అవునన్నాడు.

దూది కుక్కిన నోటితో బయటికొచ్చి, ఇక పని సంగతికి వద్దామని కుండీ వైపు చెయ్యి చూపి ఏదో మూలిగాడు. డాక్టరు కంగారుపడి "వాంతి వస్తోందా? ఇందులో, ఇందులో!" అంటూ బేసిన్ తెచ్చి గడ్డం కింద పట్టాడు. తల అడ్డంగా ఊపితే కళ్ళు తిరుగుతున్నాయనుకుని మళ్ళీ పడుకోబెట్టాడు. ఇదంతా చూస్తూ కూర్చున్న బావమరిదికి విసుగొచ్చింది.

"డాక్టరుగారూ, మా బావకి ఆ మొక్క కావాలట."

"అదా? పట్టుకుపోండి బాబూ! అడ్డం తగిలి చస్తున్నా. అడిగినవాడికి ఇద్దామంటే ఇన్నాళ్ళూ అడిగినవాడే లేడు."

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ హెడ్డుగుమస్తా బావమరిది ముఖం చూడలేదు.

ఆఫీసరమ్మ వచ్చిన రోజు, ఉబ్బిన బుగ్గతో, ఆకులు తుడిచి మెరుగు పెట్టిన కుండీతో ఆవిడ గదిలోకి అడుగుపెట్టాడు. ఆవిడ తలెత్తి చూసింది. ముఖం ముడుచుకుపోయింది.

"ఇదేమిటి? ఇది... ఇంకా ఉందా?"

"ఉండడమేమిటి మేడమ్! ఇంకో చిగురు కూడా వేసింది."

"ఆ తలుపు దగ్గరికి వెయ్యండి" అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించింది. "ఇది మా అత్తగారు నాకు పెట్టిన కాపలా అండీ. ఎప్పుడొచ్చినా ముందు దీని ఆకులు తడిమి, ఆ తర్వాతే నా ముఖం చూస్తుంది. దీని పాలు తగిలితే నాకు చేతులంతా దురద. నేను పారేస్తే కావాలనే పారేశానంటుంది. ఇంకెవరి చేతిలోనో దానంతటది పోతే ఎవరికీ మాట రాదు కదా. ఆఫీసులో విచారిస్తే అందరూ ముక్తకంఠంతో మీ పేరే చెప్పారు. మీ చెయ్యి పడితే గడ్డి కూడా బతకదన్నారు."

హెడ్డుగుమస్తా నాలుక దానంతటది పన్ను ఊడిన సందులోకి వెళ్ళింది. అంతలో ఒకటి తోచింది. పోయిందేమీ లేదు, నిజం చెప్తే చాలు.

"మేడమ్, అది చచ్చిపోయింది!"

"ఎదురుగా పెట్టుకుని చచ్చిపోయిందంటారేమిటి?"

"ఇది వేరేది మేడమ్. పళ్ళ డాక్టరుది. మీది నేనే చంపాను. ఒట్టు! మా ఇంటిల్లిపాదీ కలిసి చంపాం. కావాలంటే కింది అంతస్తు మాస్టార్ని అడగండి, ఆయన దుప్పటే సాక్ష్యం!"

ఆవిడ ఆయన్ని జాలిగా చూసింది. "నా మనసు నొచ్చుకుంటుందని ఇన్ని అబద్ధాలెందుకండీ? నమ్మి ఒక్క పని అప్పగించాను. మీకు వచ్చిన ఒకే ఒక్క పని అది. అదీ చేయలేకపోయారు."

సూపరింటెండెంటు కుర్చీ కునుకుకు దక్కింది. చెప్పని పని చేయడన్న నమ్మకం అతని మీద ఉందని ఆఫీసరమ్మ అందట. చెప్పిన పని మాట ఎవరూ ఎత్తలేదు. హెడ్డుగుమస్తా లేచి నిలబడి 'సార్' అన్న మొదటిరోజు, సార్ నిద్రలో ఉండి వినలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది.

అంతటితో ఆగలేదు. ఆఫీసరమ్మ అత్తగారు వచ్చి, నిగనిగలాడుతున్న మొక్కను చూసి, పెంచింది ఎవరో అడిగి తెలుసుకుని మురిసిపోయింది. నాలుగో రోజున, కోడలికి ఇవ్వాలని అత్తగారు తన పెరట్లో పెంచుతున్న కుండీలన్నీ వ్యానులో హెడ్డుగుమస్తా ఇంటి ముందు దిగాయి. "ఇంకో కుర్చీ ఖాళీ కాబోతోంది. ఈసారైనా నన్ను నిరాశపరచకండి" అని ఆఫీసరమ్మ చెవిలో వేసింది.

ఈసారి హెడ్డుగుమస్తా ఏ పొరపాటుకూ తావివ్వదలచలేదు. నీళ్ళు పోసి, మందులు వేసి, ఎండకూ నీడకూ మోసి అంత సేవ చేస్తేనే ఒకటి పోయింది. అసలు చూడకపోతే ఇవన్నీ పోక ఏం చేస్తాయి? ఇంట్లోవాళ్ళందరినీ నిలబెట్టి గట్టిగా చెప్పాడు.

"ఒక్కరు ఒక్క చుక్క పోశారంటే ఊరుకోను. నేను కూడా వాటి ముఖం చూడను. మలమలా మాడి చావాలి!"

ఈ మాట మాత్రం ఇంటిల్లిపాదీ విన్నారు. పని తప్పే మాట ఎవరు వినరు? భార్యకు ఎప్పుడైనా గుర్తొస్తే, మట్టి బాగా ఎండిపోయిన రోజున చేతులు కడిగిన నీళ్ళు చిలకరించేది. అంతే. అవి బాల్కనీ నీడలో వాటి మానాన అవి పడి ఉన్నాయి.

"ఏమే, ఎన్ని పోయాయి?" అని ఆయన ప్రతి ఉదయం తలుపు అవతలి నుంచే అడిగేవాడు.

"ఒకటి పూత పట్టిందండీ" అనేది భార్య.

ఆయన మొక్కల్ని చూసుకోవడం మానేసిన నాటి నుంచి ఆ ఇంట్లో ఒక్క ఆకు కూడా పండలేదు.