బురద వైద్యం

శనివారం పొద్దున్న ప్రూఫ్ రీడరు నిద్ర లేచేసరికి అతని భార్య వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ రోజు కార్యక్రమమంతా కాగితం మీద రాసేసింది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. వారంలో ఆరు రోజులూ ఆస్పత్రిలో జనాల మోకాళ్లు వంచి, భుజాలు తిప్పి ఇంటికొస్తుంది. అతను క్యాలెండర్లు, డైరీలు అచ్చేసే ప్రెస్సులో తప్పులు దిద్దుతాడు. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికి మూడు నెలలైంది. అందుకే మధ్యాహ్నం కొత్త రెస్టారెంట్లో భోజనం, తర్వాత చెరువు వెనక కొండెక్కడం, సాయంత్రం తన స్నేహితురాలింట్లో పార్టీ అని వరసగా రాసుకుంది.

"మీ మేనేజరు గారి పార్టీ కూడా ఇవాళే కదా? ఆయనకేం చెప్పారు?" అని అడిగింది.

ప్రూఫ్ రీడరు కాఫీ కప్పు వెనక మొహం దాచుకున్నాడు. ఉద్యోగంలో పాతికేళ్లు నిండాయని మేనేజరు ఇంట్లో పార్టీ ఇస్తున్నారు. ఆయన చాలా మంచివారు, చేతిలో మైకు లేనంతసేపూ. ఒకసారి మైకు పట్టుకున్నారంటే పదిహేను పాటలకు తక్కువ దించరు. పోయినసారి ఎనిమిదో పాట దగ్గర లేచి వెళ్లబోయిన స్టోర్ కీపర్ని భుజం మీద చెయ్యేసి ఆపి, మిగతా ఏడూ అతని మొహంలోకే చూస్తూ పాడారు.

"నీ కాలు బెణికిందని చెప్పా."

"నా కాలా? బెణికితే మీ కాలే బెణకొచ్చుగా!"

"నాదైతే సోమవారం ఆఫీసులో కుంటాలి కదోయ్. నువ్వాయనకి కనబడవు."

ఆవిడకి అబద్ధమంటే గిట్టదు. రోగికి నొప్పెడుతుందంటే పెడుతుందనే ముందుగా చెబుతుంది. కానీ మూడు నెలల తర్వాత దొరికిన శనివారం. కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, "పదండి" అంది.

రెస్టారెంట్లో సూపు తాగడం పూర్తయింది. ఆవిడ చేతులు కడుక్కుని రావడానికి వెళ్లింది. అప్పుడే తలుపు తోసుకుని మేనేజరు లోపలికొచ్చారు. సాయంత్రానికి చెప్పిన కేకు రుచి చూసి పోదామని వచ్చారట.

"నువ్వేంటయ్యా ఇక్కడ? మీ ఆవిడకి కాలు బెణికిందన్నావు!"

"వంట చేసుకోలేక వచ్చాం సార్. ఎడమ కాలు."

ఆవిడ చెంగుచెంగున నడిచి వస్తోంది. భర్త కనుబొమలు రెండూ నెత్తి మీదికి ఎక్కించి సైగ చేసేసరికి విషయం అర్థమై, ఠక్కున కుంటడం మొదలుపెట్టింది. కుడి కాలు.

"ఎడమ అన్నావు?" అన్నారు మేనేజరు.

"ఎడమ కాలు నొప్పని బరువంతా కుడి కాలి మీద మోపింది సార్. ఇప్పుడదీ పోయింది."

"అయ్యయ్యో, రెండూనా!" ఆయన నిజంగానే కంగారుపడ్డారు. రెండు స్టూళ్లు తెప్పించి, వాటి మీద దిండ్లు వేయించి, ఆవిడ రెండు కాళ్లూ పెట్టించారు. కాల్చిన చేప తినడానికి ఆవిడ సగం పడుకుని మెడ సాచాల్సి వచ్చింది. భోజనం అయ్యాక ఇద్దరు వెయిటర్లు కుర్చీతో సహా ఎత్తి కారు దాకా మోసుకొచ్చారు. ముందు నడుస్తూ మేనేజరు, "మెల్లగా, మెట్టుంది! మలుపు దగ్గర ఎత్తండి!" అని హెచ్చరిస్తూనే ఉన్నారు. తింటున్నవాళ్లంతా చెంచాలు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

రెండు సిగ్నళ్లు దాటాక ఆవిడ అతని వైపు తిరిగింది.

"ఆ వెయిటర్లలో పొడుగాయన నడుం నొప్పితో మా ఆస్పత్రికే వస్తాడు. మొన్న బరువులెత్తొద్దని చెప్పి పంపా. ఇవాళ నన్నే ఎత్తించారు."

"కొండ మీద ఎవరూ ఉండరులే" అన్నాడు ప్రూఫ్ రీడరు నీరసంగా.

ముందు రోజు వానకి కొండదారి తడిసిన సబ్బులా ఉంది. పావుగంట నడిచారో లేదో, అతని కాలు జారింది. పడబోతూ భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పొదల పక్కగా జారుకుంటూ వెళ్లి, నడుం లోతు బురదగుంటలో పక్కపక్కనే కూలబడ్డారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ముందు ఆవిడకే నవ్వొచ్చింది. కోపమంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. మూడు నెలల్లో ఇంతగా నవ్వింది లేదు.

"ఎవరు నాయనా అది?" అని మలుపులోంచి గొంతు వినిపించింది. నడక బూట్లతో ఒకావిడ దిగి వస్తోంది. ప్రెస్సు వార్షికోత్సవాల్లో ఆమెను ప్రూఫ్ రీడరు చాలాసార్లు చూశాడు. మేనేజరు గారి భార్య.

"ఇప్పుడే మా వారు ఫోన్లో చెప్పారు, నీ భార్య రెండు కాళ్లూ పోయాయని! కుర్చీలో మోసుకెళ్లారటగా? కొండ మీద ఏం చేస్తున్నారు?"

ప్రూఫ్ రీడరు గడ్డం దాకా ఉన్న బురదను చూసుకున్నాడు.

"బురద వైద్యం మేడమ్."

"వైద్యమా?"

"కొండ బురద చల్లగా ఉండి నొప్పిని లాగేస్తుందండి. మా ఆవిడ ఈ పనిలోనే ఉంది కదా."

భార్య బురదలోపల అతని తొడ గిల్లింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. కానీ మేడమ్ అప్పటికే బూటు విప్పి, గట్టు మీద కూర్చుని, మోకాలి దాకా కాలు గుంటలో పెట్టేసింది.

"అబ్బ, ఎంత హాయిగా ఉందమ్మా! ఏడాదిగా ఈ మోకాలు నన్ను కాల్చుకు తింటోంది. నీకెలా ఉంది ఇప్పుడు?"

"నా కాళ్లకేం కాలేదండీ" అంది భార్య. అది అక్షరాలా నిజం.

"చూశావా! అప్పుడే తగ్గిపోయింది!" మేడమ్ చప్పట్లు కొట్టింది. "ఇంక పార్టీకి రావడానికి అడ్డేముంది? పదండి, మా కారు కింద ఉంది. అందులో బకెట్ ఉంది, తెచ్చి కొంచెం బురద ఎత్తు బాబూ!"

స్నేహితురాలికి ఫోన్ చేసి, రాలేమని మాత్రం చెప్పగలిగింది భార్య. ఎందుకని అడిగితే, "కాళ్లు బాగైపోయాయి" అని పెట్టేసింది.

మేనేజరింట్లో మేడమ్ ఇచ్చిన పొడి బట్టలు వేసుకుని హాల్లోకి వచ్చేసరికి కబురు అందరికీ చేరిపోయింది. బైండింగ్ ఫోర్‌మన్ చొక్కా పైకెత్తి నడుం చూపించాడు. స్టోర్ కీపరు భుజం పట్టుకుని నిలబడ్డాడు. భార్య భర్తను కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది.

"నావల్ల కాదు. రేపు వీళ్లంతా రోగులై ఆస్పత్రికి వచ్చి బురదేదీ అంటే నా ఉద్యోగం ఏం కావాలి? ఇప్పుడే నిజం చెప్పేస్తా."

"చెప్పు. తప్పు నాదే" అన్నాడతను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆవిడ గొంతు సవరించుకునేలోపు మేనేజరే ఎదురొచ్చారు, మెడ ఒక పక్కకి వంచుకుని.

"అమ్మా, పొద్దుటినుంచీ సాధన చేసీ చేసీ మెడ పట్టేసింది. పాటలు మొదలుపెట్టేలోపు కాస్త చూస్తావా?"

ముప్ఫైమంది ఆవిడ వైపే చూస్తున్నారు. స్టోర్ కీపరు భుజం సంగతి మర్చిపోయి దీనంగా కళ్లార్పాడు. ఆవిడ మేనేజరు మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. నిజంగానే రాయిలా బిగిసి ఉంది.

"దీనికి విశ్రాంతే మందండీ. పాడకూడదు. రెండు గంటలు అసలు మాట్లాడకపోతే మరీ మంచిది."

"బురద?" అని ఆయన ఆశగా అడిగారు.

ఆవిడ బకెట్ వైపు చూసింది. "చల్లటి పట్టీ వేస్తే మంచిదే. బురదే కావాలంటే బురద."

తువ్వాలులో బురద చుట్టి ఆయన మెడకి కట్టింది. మేనేజరు మాట్లాడకుండా ముందు వరసలో కూర్చున్నారు. ఆ తర్వాత అరగంట పార్టీ భలే సాగింది. పళ్లేలు ఖాళీ అయ్యాయి, కేకు రెండోసారి కోశారు, బైండింగ్ ఫోర్‌మన్ డాన్స్ చేశాడు. ప్రూఫ్ రీడరు భార్య చెవిలో, "నీ అంత మంచి డాక్టరు లేరు" అన్నాడు. "నేను డాక్టర్ని కాదు, ఇంకో అబద్ధం మొదలుపెట్టకండి" అంది ఆవిడ నవ్వుతూ.

అప్పుడు మేడమ్ లేచి మైకు అందుకుంది.

"ఈయన పాడుతుంటే నాకెప్పుడూ వంతు రాలేదు. అందుకే ఆరు నెలలుగా ఎవరికీ తెలియకుండా రోజూ ఈ మోకాలితోనే ఆ కొండెక్కి సాధన చేస్తున్నా. ఇరవై రెండు పాటలొచ్చు. అన్నీ వింటారుగా?"

మొదటి పల్లవికే కిటికీ మీద పిట్టలు లేచిపోయాయి. మూడో పాటకి మేనేజరు కళ్లు మూసుకున్నారు. నాలుగో పాట మధ్యలో మాట్లాడకూడదని గుర్తొచ్చి, కాగితపు రుమాలు మీద ఏదో గీకి ఫిజియోథెరపిస్టుకి అందించారు. "అమ్మా, ఈ బురద చెవులకి కూడా పెట్టొచ్చా?" అని ఉంది అందులో.

ఆవిడ చదివి తలెత్తేసరికి, ఆయన వెనక అప్పటికే పదకొండుమంది వరసలో నిలబడి ఉన్నారు.