హాల్‌టికెట్టుకు ఒక్క దేవుడే

పదో తరగతి పరీక్షలప్పుడు పిల్లల వెంట దేవుళ్లు బడికి రావడం ఏటా ఉన్నదే గాని, తన పరీక్షనాడు తన వెంట వచ్చింది ఎవరన్న అనుమానం మాత్రం లెక్కల సారు వీరభద్రాచారిని ముప్పై ఏళ్లుగా వదల్లేదు. ఆనాడు భయంలో ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కాడు. కాగితం మీంచి తల ఎత్తకుండా రాశాడు, లెక్కల్లో గట్టెక్కాడు. పూటపూటా దీపం పెట్టుకునే మనిషి. ఒకరికి చెల్లించాల్సింది ఇంకొకరికి చెల్లిస్తే తప్పు కదా అని మొక్కు అట్లాగే ఉంచేశాడు.

ఇప్పుడు ఆయన పాఠాలు చెప్పేది ఆ జిల్లా పరిషత్ హైస్కూల్లోనే. తండా పిల్లలు, మసీదు గల్లీ పిల్లలు, చర్చి వాడ పిల్లలు, ఇటుక బట్టీలకు వచ్చిన కన్నడం వాళ్ల పిల్లలు అందరిదీ అదే బడి. మార్చి వచ్చిందంటే వరండా నిండిపోయేది. పోచమ్మ వేపమండ చెవిలో దోపుకుని వచ్చేది. గుట్ట మీది దర్గా సాహెబు చెప్పులు గేటు బయటే విడిచేవాడు. తండా వాళ్ల తల్లి మేరామ యాడి ట్రాక్టరు ఎక్కి వచ్చేది. వంటమనిషి అందరికీ మజ్జిగ పోసేది. ఎవరి పిల్ల కిటికీ కింద వాళ్లు కూర్చోవాలి, జవాబులు చెప్పకూడదు. చెబుదామన్నా వాళ్లకూ లెక్కలు రావేమోనని చారికి లోలోపల ఒక సందేహం.

ఈ ఏడు పైనుంచి ఆదేశం వచ్చింది. హాల్‌టికెట్టుకు ఒక్క దేవుడే. కొందరికి ఎక్కువ మంది వస్తున్నారు, తాగునీరు చాలడం లేదు. సాయంత్రంలోగా దేవుణ్ని లింకు చేయని పిల్లలకు హాల్‌టికెట్టు లేదు. లెక్కల పని కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ ప్రమోద మేడమ్ దాన్ని చారికి అప్పగించింది.

మధ్యాహ్నానికి అందరివీ అయిపోయాయి, ముగ్గురు ఆడపిల్లలవి తప్ప. రాథోడ్ జమున వెనక ముగ్గురు నిలబడ్డారు: మేరామ యాడి, దర్గా సాహెబు, చర్చి మాతమ్మ. ఆమె స్నేహితులు షాహీన్, రూతుల వెనక ఎవరూ లేరు.

"నీకొక్కదానికి ముగ్గురెందుకే?" అన్నాడు చారి.

"నేను యాడినొక్కదాన్నే మొక్కిన సార్. పత్తి ఏరవోయి రెండు నెల్లు బడికి రాలే కద. నాకు పాఠాలు రావని షాహీను సాహెబుకు చెప్పింది, రూతు మాతమ్మకు చెప్పింది."

"మరి మీ సంగతేంది?"

"మా కోసం మొక్కుడు యాది మర్సినం సార్," అంది రూతు.

"సులువే చారిగారూ, ఎవరి దేవుణ్ని వాళ్లకు రాసెయ్యండి," అంది ప్రమోద మేడమ్.

"వద్దు మేడమ్! మేం మొక్కు వాపసు తీసుకుంటే జమున ఫెయిలైతది. ఫెయిలైతే వాళ్ల నాయిన పత్తి చేలకే తోలుతడు," అంది షాహీన్.

చారి ఆదేశాన్ని మళ్లీ చదివాడు. ఎవరికి ఎవర్ని రాయాలో ఉంది. ఎవరి కిటికీ కింద ఎవరు కూర్చోవాలో ఈసారి లేదు. మేడమ్ వైపు చూశాడు. మేడమ్ గోడ మీది పటాన్ని చూసింది.

ఎవరి దేవుణ్ని వాళ్లకే రాశారు. ఇక వేలిముద్రలు పడాలి. దేవుళ్లు ముగ్గురివీ పడలేదు. పిల్లల మొక్కులు పట్టుకుని పట్టుకుని వేళ్లు అరిగిపోయాయి. "ముసలోళ్లకు గిట్లనే అయితది, రేషన్ కాడ సుత గింతే. జర తడి చేసి ఒత్తుండ్రి," అన్నాడు కంప్యూటరు కుర్రాడు. దేవుళ్లు వేళ్లు తడి చేసుకుని, ముద్ర పడేదాకా మళ్లీ మళ్లీ ఒత్తారు.

వేలు తుడుచుకుంటూ సాహెబు అన్నాడు: "చారీ, నీదొక మొక్కు బాకీ ఉంది."

చారి కుర్చీలోంచి లేచాడు. "ఆనాడు నా వెంట వచ్చింది మీరేనా?"

"నువ్వు పిలిస్తే రాలే బిడ్డా. నువ్వు అందర్నీ పిలిస్తివి. ఎవరో ఒకరు పోతరు తియ్ అని ఎవ్వరం లేవలే. నీ బెంచీల కూసునే మొయిను నీ కోసమని నన్నొక్కణ్ని పిలిచిండు. చారి పాసైతే వానితోనే మలీద తెప్పిస్త అన్నడు."

మొయిను ఇప్పుడు బడి యూనిఫారాలు కుట్టే దర్జీ. ముప్పై ఏళ్లలో ఒక్కమాట అనలేదు.

పరీక్షలనాడు ముగ్గురు దేవుళ్లూ జమున కిటికీ కిందే సర్దుకుని కూర్చున్నారు. జమున పాసయింది, మిగతా ఇద్దరూ పాసయ్యారు. మిగిలిన దేవుళ్లిద్దరూ జమున కోసం రానేలేదని రికార్డులో ఉంది. ఆ మాటకు అందరూ సంతకాలు పెట్టారు, దేవుళ్లతో సహా.

ఆ బేస్తవారం చారి భార్య రొట్టె నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీద కట్టి ఇచ్చింది. చారి మొయినును వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాడు. మెట్ల దగ్గర కొత్తగా ఒక కుర్చీ, అందులో రిజిస్టరు పట్టుకుని ఒక మనిషి.

"మీ లింకు ఎవరితోని సార్? సాహెబుతోని ఏం సంబంధం?"

"పక్కింటాయన," అన్నాడు చారి. ఆ మనిషి రాసుకుని లోపలికి వదిలాడు. అడిగినందుకు చారికి గాని, చెప్పినందుకు ఆయనకు గాని వింతగా తోచలేదు.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు చారి మొయినుతో.

"పిల్లలకు లెక్కలు చెప్పేటోనివి. నీ పరువు నేను తియ్యాల్నారా?"

"మరి నీ కోసం మొక్కుకోలేదా?"

"నాకు లెక్కలొస్తుండె కద!"

సమాధి మీద కప్పిన చాదర్ ముందు మలీద పెట్టి, చారి కళ్లు మూసుకుని తన ఇంటి దేవుడికి దండం పెట్టుకున్నట్టే దండం పెట్టుకున్నాడు. మొయిను ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు.

"బెల్లం జర తక్కువైందిరా," అన్నాడు, రెండో ముద్ద తీసుకుంటూ.