పదకొండు అమెరికా డబ్బాలు

ఆ రోజు పొద్దున వెంకటప్పయ్య పెట్టుకున్న పని ఒక్కటే. బూర్గంపాడులో బస్సెక్కి, భద్రాచలంలో వడ్రంగం చేసే ఉబేద్ దగ్గరికి వెళ్లి, తన పదకొండు ఖాళీ బీరు డబ్బాలకు అద్దాల అలమారా చేయించుకోవడం. భార్య భారతమ్మకు ఆ డబ్బాలంటే గిట్టదు కాబట్టి చెప్పకుండానే బయలుదేరాడు.

బొగ్గు గనుల్లో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో, నలభై ఏళ్ల కిందట, కొత్త యంత్రం పని నేర్చుకోవడానికి ఆయన ఆరు నెలలు అమెరికా వెళ్లొచ్చాడు. అప్పుడు తెచ్చినవే ఇవి. అన్నీ అక్కడి కూలీనాలీ చేసుకునేవాళ్లు తాగే చవకరకాలు. ఒకదాని మీద కొమ్ముల పొట్టేలు, ఇంకోదాని మీద పొడుపుకథ. ఒకటైతే వట్టి తెల్ల డబ్బా. కంపెనీ పేరు లేదు, నల్లటి అక్షరాలతో 'బీర్' అని మాత్రం ఉంది. టీకొట్టు దగ్గర ఆయన వాటి రుచులు చెబుతుంటే వినేవాళ్ల టీలు చల్లారిపోయేవి. "పొట్టేలుది జర చేదు. తెల్లదుంది చూడు, గొంతు దిగుతుంటే కాల్చిన మక్కకంకి వాసన!" ఊళ్లో ఆయనకున్న పరపతంతా ఆ రుచులదే.

బస్సులో పక్కన కూర్చున్న ముత్తక్క, గలగలమంటున్న సంచి వైపు చూసింది.

"ఏంది పెద్దనాయనా అండ్ల?"

"పాత మందు డబ్బాలమ్మా."

ముత్తక్క పురుగులమందు అనుకుంది. వంతెన దగ్గర చెక్‌పోస్టులో బస్సు ఆగగానే దిగి, కానిస్టేబుల్ జంపయ్య చెవిలో వేసింది. "సారూ, ఆ ముసలాయన సంచిల మందు డబ్బాలున్నయ్. ఏదో చేసేటట్టున్నడు."

అడవి అంచున పదేళ్లు డ్యూటీ చేసిన జంపయ్యకు మందంటే పేలుడు మందే. "అందరు దిగుండ్రి! జల్దీ!" అని అరిచాడు. అర నిమిషంలో బస్సు ఖాళీ. ఒళ్లో సంచితో వెంకటప్పయ్య ఒక్కడే మిగిలాడు.

"చేతులు పైకెత్తు!"

"ఎత్తితే సంచి కింద పడ్తది సార్."

"అయితే ఎత్తకు!"

ఎస్సై వచ్చి, పొడుగు కర్రతో సంచి మూతి తెరిచి చూశాడు. పేలుడు అనుమానం పోయి, ఇంకోటి పుట్టింది. తెల్ల డబ్బాను తిప్పి తిప్పి చూసి, "కంపెనీ పేరే లేదు. దొంగమాలు గాక ఏంది?" అన్నాడు.

"ఖాళీవి సార్!"

"అవ్, మూతలు తియ్యనే లేదు, అడుగున చిల్లులున్నయ్. ఇప్పసారా నింపి అమెరికా సరుకని అమ్ముతున్నవా?"

అలమారా చేయించడానికే తెచ్చానన్నాడు వెంకటప్పయ్య. ఉబేద్‌ను అడగమన్నాడు. ఎస్సై స్పీకరు పెట్టి ఫోను చేయించాడు. హలో అనకముందే ఉబేద్ అందుకున్నాడు. "ఏడున్నవ్ భాయ్? సామాన్ జల్దీ తే. అద్దం ఎనక పెట్టి తాళమేస్తా. వదినకు మాత్రం తెల్వనియ్యకు."

"ముఠా సార్," అన్నాడు జంపయ్య.

ఎస్సై భారతమ్మను పిలిపించాడు. ఆమె ఆటో దిగేసరికి, బస్సు దిగిన బూర్గంపాడు జనం చెక్‌పోస్టు కిటికీకి అతుక్కుపోయి ఉన్నారు. "కేసు రాయమంటవా, నిజం చెప్తవా?" అన్నాడు ఎస్సై వెంకటప్పయ్యతో.

వెంకటప్పయ్య కిటికీ వైపు ఒకసారి చూశాడు. చివరికి తల వంచుకున్నాడు.

"నేను చుక్క తాగలే సార్. వాసనకే కడుపుల తిప్పేది. డబ్బాలు ముద్దుగున్నయని కొన్న. మూత చెడొద్దని కింద చిల్లు పెట్టి పారబోసిన. రుచులు పక్కగది తెల్లాయన చెప్పినవి."

కిటికీ దగ్గర ఎవరో పక్కున నవ్వారు. ఎస్సైకి అనుమానం తీరింది. డబ్బాలు సంచిలో సర్ది, "కేసు లేదు, ఇంటికి పో" అన్నాడు.

భారతమ్మ మాత్రం కదల్లేదు. "ఒక్క చుక్క గూడ తాగలేదా?"

"లేదు."

"నువ్వు తాగొచ్చిన పాపం పోవాలని నలభై ఏండ్లు శనివారాలు ఉపాసమున్న గదయ్యా! ఒక్క శనివారమన్న నోరిప్పినవా?"

వెంకటప్పయ్య సంచి అందుకోలేదు. ఎస్సై వైపు తిరిగి, "ఇంకోపారి మంచిగ విచారించుండ్రి సార్," అన్నాడు.

వదిలేస్తామన్నా కదలనన్న నిందితుణ్ణి ఆ చెక్‌పోస్టు చూడటం అదే మొదలు.