జామచెట్టు కింది ఇనుప ముద్ద

ఈ లోకంలో ఏ వస్తువైనా ముందు తన కాగితాలు సరిచూసుకుని, ఆ తర్వాతే తుప్పు పట్టాలి. ఆపాటి క్రమశిక్షణ లేకపోబట్టే, బెంగాల్లోని చందన్‌నగర్‌లో మాధురీలత సమాద్దార్ ఇంటి వెనక జామచెట్టు కింద పడివున్న ఇనుప ముద్ద ఏమిటో అరవై ఏళ్లుగా తేలలేదు.

అది కారనీ, కొత్త కోడలిగా ఉన్నప్పుడు దాన్ని తానే నడిపాననీ ఆమె అత్తగారు హేమనళిని చెబుతూనే ఉంది. ఊరు నవ్వుతూనే ఉంది. తొంభై మూడో ఏట ఆవిడకే అనుమానం వచ్చింది. "ఏమో బౌమా, కలగన్నానేమో" అని కోడలితో అన్నరోజు మాధురీలత గుండె కలుక్కుమంది. మర్నాడే పురాతన వాహన అవశేషాల గుర్తింపు కార్యాలయానికి వెళ్లింది.

అధికారి ప్రణవేశ్ ధర్ మహా మర్యాదస్తుడు.

"బండి తెచ్చారా, మాషీమా?"

"చక్రాల్లేవు బాబూ. కదలదు."

"కదలని బండిని గుర్తించే అధికారం మాకు లేదండీ. కదిలేదానికి గుర్తింపు అక్కర్లేదు."

(ఈ రెండు నిబంధనల నడుమ ఆ కార్యాలయం పదకొండేళ్లుగా ఊపిరాడనంత పని చేస్తోంది.)

"మరి మీరెందుకున్నట్టు నాయనా?"

ఈ ప్రశ్నకు జవాబుగా ధర్‌తో కలిపి ముగ్గురు సభ్యుల కమిటీ ఇంటికొచ్చింది. లూచీలు, ఆలూదమ్ము ముగిశాక పరిశీలన మొదలైంది. ఒకాయన కారన్నాడు. ఇంకొకాయన రైసుమిల్లు బాయిలరన్నాడు. ధర్ సందేశ్ మిఠాయి చప్పరిస్తూ, ఒకప్పుడు ఊరేలిన ఫ్రెంచివాళ్ల ఫిరంగి అన్నాడు. మెజారిటీ లేనందున అది ఏదీ కాదని తీర్మానించబోతూ ఆయన దానిమీద చెయ్యి ఆనించాడు. మూరెడు రేకు ఊడి కిందపడింది.

"అవశేషంలో మార్పు జరిగింది. అనుమతి ఉందా?"

"విరగ్గొట్టింది మీరు కదా!"

"అందుకే అడుగుతున్నానండీ. నేనైతే తీసుకోలేదు."

అంతలో హేమనళిని చేతికర్రతో వచ్చి, చూడకుండానే ఆ ముద్దలోకి చెయ్యి పెట్టింది. చెయ్యి దేన్నో పట్టుకుంది. ముసలి మొహం వెలిగిపోయింది.

"ఇదిగో గేరు కర్ర! రెండో గేరు మొండిది, మోకాలితో తొయ్యాలి. ఆ ముందు సొట్ట చూశారూ? ఘాట్ దగ్గర ఐసు బండివాణ్ణి తప్పించబోయి మెట్లకి కొట్టాను. మీ మామగారు వెనక కూచుని 'దుర్గా దుర్గా' అని ఒకటే గోల, బౌమా!"

మాధురీలత కొంగుతో, చింతపండుతో ఆ సొట్ట చుట్టూ తోమింది. ఇత్తడి బిళ్ల బయటపడింది: ఆస్టిన్, 1934.

"పోం పోం!" అని అరిచింది హేమనళిని. కమిటీ మొత్తం చెంగున పక్కకు గెంతింది. ("వాహనానికి దారి ఇవ్వడమైనది" అని నివేదికలో రాసుకున్నారు.) ఆ సాయంత్రం వీధి వీధంతా వచ్చి ఆవిడచేత పోం పోం అనిపించుకుని పోయింది.

నెలకి గుర్తింపు పత్రం వచ్చింది. వాహనం: ఆస్టిన్. స్థితి: విశ్రాంతి. నడిపినవారు: స్వర్గీయ నృపేంద్రనాథ్ సమాద్దార్.

మాధురీలత రిక్షా ఎక్కి కార్యాలయానికి పరుగెత్తింది.

"మా మామగారికి సైకిలే రాదు! నడిపింది మా అత్తగారని మీ చెవులతో విన్నారు కదయ్యా!"

"విన్నామండీ, చప్పట్లు కూడా కొట్టాం. కానీ ఆ గడిలో యజమాని పేరు దానంతటదే పడుతుంది. అభ్యంతరముంటే అర్జీ పెట్టుకోవచ్చు."

"ఇలా ఇవ్వండి. ఇప్పుడే ఆవిడచేత సంతకం పెట్టిస్తాను."

ధర్ నొచ్చుకున్నాడు.

"ఆవిడ సంతకం చెల్లదు మాషీమా. బండి నడిపినాయనే పెట్టాలి."