గోడ మీద దురుగమ్మ

ఆ సోమవారం పొద్దున వరప్రసాదం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "వారం తిరక్కుండా నా ఉద్యోగం పర్మినెంటు, చూస్తాండు" అని భార్య యూనీస్‌కు చెప్పి మరీ బయలుదేరాడు. కూరెకుప్ప పక్కన ఒక పంచాయతీలో అతను కంప్యూటర్ ఆపరేటరు. అన్ని పంచాయతీలూ ఖర్చుల లెక్కను ఒకే నమూనాలో ఆఫీసు గోడ మీద రాయించాలని, జనం చదువుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. శుక్రవారం తనిఖీ. గోడ బాగుంటే వరప్రసాదం ఉద్యోగం ఫైలు మీద సంతకం పెడతానన్నాడు ప్రెసిడెంటు కనకప్ప.

నమూనాలో మూడే గడులు: చోటు, పని నంబరు, మొత్తం. ఏ నంబరు ఏ పనో చెప్పే కాగితం వేరే ఉంది. దాన్ని వరప్రసాదం బీరువాలో భద్రంగా దాచాడు. ఇక చోటంటారా, ఆ ఊళ్లో వీధులకు పేర్లు ఎక్కడివి? ఎవరింటి ముందు పని జరిగితే ఆ ఇంటి పేరే ఫైల్లో ఎక్కుతుంది. మధ్యాహ్నానికి బడి, ఆఫీసు ఖర్చుల కింద నీలం రంగులో ఒక వరుస మెరిసింది: "దురుగమ్మ ఇల్లు – 4 – రూ. 2,00,000."

దురుగమ్మ లారీ డ్రైవర్లకు మిరపకాయ బజ్జీలు అమ్ముకునే మనిషి. గనుల పుణ్యమా అని నిన్నటి కూలీలు టిప్పర్లు కొంటున్న రోజులవి కాబట్టి ఆ డబ్బు ఆమెదేనంటే ఎవరికీ అనుమానం రాలేదు. పైగా నాలుగంటే నాలుగో వాయిదా, మొత్తం ఎనిమిది లక్షలని ఎవరో తేల్చారు. మంగళవారం అప్పు అడిగేవాళ్లు వచ్చారు. బుధవారం ఒకడు పాత టిప్పరు అమ్ముతానని ఏకంగా బండితో దిగాడు. గురువారం బజ్జీలు కొనేవాళ్లే లేరు. ఎనిమిది లక్షల మనిషికి తమ రెండు రూపాయలు ఎందుకని పాపం వాళ్ల ఉద్దేశం.

శుక్రవారం తనిఖీకి వచ్చిన అధికారిణి వినీల గోడ ముందు నిలబడగానే, దురుగమ్మ ఊరిని వెంటేసుకుని వచ్చింది.

"ఏమప్పా వరప్రసాదం, నా దుడ్డు యాడ పెట్టినావు?"

"అది నీ దుడ్డు కాదక్కా." వరప్రసాదం ధీమాగా బీరువా తెరిచి కాగితం అందరికీ చూపించాడు. "నాలుగంటే రోడ్డు. మీ ఇంటి ముందర రోడ్డేసిన ఖర్చు."

"మా ఇంటి ముందర రోడ్డు యాడుండాది? మొన్న వచ్చిన టిప్పరు ఇంగా ఆడనే దిగబడి ఉండాది."

అందరూ వెళ్లి చూశారు. వినీల చెప్పు ఒకటి ఎర్రబురదలోనే ఉండిపోయింది.

"ఆ వరుస చెరిపేస్తాం మేడం" అన్నాడు కనకప్ప చెమట తుడుచుకుంటూ. వరప్రసాదం ఆ చేతి వంకే చూశాడు. సంతకం పెట్టాల్సిన చెయ్యి అదే మరి.

"గోడ ముట్టుకోవద్దు. వారంలో రోడ్డు పడాల" అంది వినీల. తర్వాత వరప్రసాదం వైపు తిరిగింది. "ఇరవై గోడలు చూసినానప్పా. జనం చదివిన గోడ ఇదొకటే. నీ ఫైలు నాకే పంపించు."

వారంలో రోడ్డు పడింది, వరప్రసాదం ఉద్యోగమూ ఖాయమైంది. ఆ మరుసటి సోమవారం అతను వచ్చేసరికి ఆఫీసు ముందు ముప్పై మంది వరుసలో నిలబడి ఉన్నారు, తమ ఇళ్ల పేర్లూ గోడ మీద రాయమని, పక్కన మరిచిపోకుండా నాలుగు వేయమని.