గోడ అవతలి చప్పుడు

అల్లుడి కంప్యూటర్ వల్ల ఫిట్టరుకు మూడు నెలలుగా పగటి నిద్ర లేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. గోడకు అవతల కంప్యూటర్, ఇవతల ఆయన మంచం. నడుం వాల్చగానే గుర్ర్‌మని మొదలవుతుంది. మధ్యమధ్య టక్కుమంటుంది. కన్ను మూతపడబోయే సమయం చూసుకుని మరీ టక్కుమంటుంది.

ఆయన మిల్లులో ముప్పై నాలుగేళ్లు యంత్రాలు బిగించి రిటైరైన మనిషి. భార్య పోయాక కూతురి ఇంట్లో ఉంటున్నాడు. చప్పుడు చేసే మిషన్ జబ్బు పడ్డ మిషన్ అని ఆయన నమ్మకం. తన గదిలోని టేబుల్ ఫ్యానును తానే విప్పి, తుడిచి, నూనె వేసి బిగించుకున్నాడు. ఆ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మిషన్ అదొక్కటేనని ఆయన అభిప్రాయం. భార్య బతికుండగా ఒకసారి, “మీ చెయ్యి పడ్డవే ఎక్కువ అరుస్తాయి” అంది. ఆ మాటను ఆయన ఇంకా క్షమించలేదు.

ఆ రోజు అల్లుడి పని సూటిగానే ఉంది. ఇంకా కట్టని ఒక అపార్టుమెంటును మూడు నిమిషాల కదిలే బొమ్మగా తయారుచేసి, సాయంత్రం ఐదింటికల్లా బిల్డరుకు పంపాలి. పంపితే ఏడాది పాటు ఆయన పనులన్నీ అల్లుడికే. ఆలస్యమైతే ఇంకొకరికి. బొమ్మలన్నీ గీసేది కంప్యూటర్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు. తొమ్మిదింటికి దానికి పని అప్పజెప్పాడు. ‘ఇంకా ఐదు గంటలు’ అని తెర మీద వచ్చింది. రెండింటికి అయిపోతుందని అల్లుడు కాళ్లు చాపుకున్నాడు.

తొమ్మిదింబావుకు ఫిట్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

“అల్లుడూ, నీ మిషన్ మళ్లీ అరుస్తోంది.”

“కార్డు మీది ఫ్యానండీ మామయ్యా. వేడెక్కితే జోరుగా తిరుగుతుంది.”

“తగ్గించు.”

“తగ్గిస్తే వేడి పెరుగుతుంది. మరీ పెరిగితే పని నెమ్మదిస్తుంది. రెండూ చూసుకోవాలి కదండీ.”

“ముప్పై నాలుగేళ్లు చేసింది అదే. నాకు చెప్పకు. తగ్గించు.”

అల్లుడు మెత్తనివాడు. ఆ రోజు జరిగినదానికంతా మూలం అదే. తెర మీద ఫ్యాను వేగం చూపే గీతను మౌస్‌తో కిందికి లాగాడు. అరవై ఎనిమిది డిగ్రీల దగ్గరున్న కార్డు డెబ్బై ఎనిమిదికి ఎక్కింది. పర్వాలేదనుకున్నాడు.

పది నిమిషాలకు మళ్లీ పిలుపు. “ఏం తగ్గించావయ్యా? అలాగే ఉంది. వచ్చి నువ్వే విను.”

వినడానికి మిల్లులో ఒక పద్ధతి ఉంది. ఒక మిషన్ జబ్బు తెలియాలంటే ముందు చుట్టుపక్కలవన్నీ ఆపాలి. ఫిట్టరు ఆ పద్ధతి ప్రకారమే తన టేబుల్ ఫ్యాను ఆపి, వేలెత్తి, “ఊఁ, ఇప్పుడు విను” అన్నాడు.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

“నాకేం వినబడట్లేదండీ.”

“నిన్ను చూసి నోరుమూసుకుంది. దొంగ మిషన్!”

అల్లుడు వెళ్లగానే ఆయన ఫ్యాను వేసుకుని పడుకున్నాడు. గుర్ర్. టక్. ఈసారి కూతుర్ని పిలిచాడు. మళ్లీ ఫ్యాను ఆపాడు. ఆమె గోడకు చెవి ఆనించి మరీ విన్నది.

“నాన్నా, ఒట్టు. ఏమీ లేదు.”

“మొగుడూ పెళ్లాం ఒకటే మాట. నాకు తెలుసులే.”

ఆమె వంటింట్లోకి పోయి మొగుడితో గుసగుసలాడింది. “ఏమండీ, నాన్న చెవులు చూపిద్దామా?”

“ఆయనవి కాదు, నావే పోయాయేమో. రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుంటున్నాను కదా” అని అల్లుడు దిగులుపడి, గీతను ఇంకా కిందికి లాగాడు.

కార్డు ఎనభై ఆరుకు చేరింది. తనను తాను కాపాడుకోవడానికి పనిలో సగం తగ్గించేసింది. పదిన్నరకు తెర మీద ‘ఇంకా ఏడు గంటలు’ అని ఉంది. అంటే ఐదున్నర. అల్లుడు మౌస్ అందుకున్నాడు. గీత పైకి లాగబోతే గుమ్మంలో మామగారు.

“మామయ్యా, ఐదింటికి పంపకపోతే పని పోతుందండీ.”

“పంపు. ఎవరొద్దన్నారు? దాని నోరు లేవకుండా పంపు.”

అల్లుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఒంటిగంటకు మొగుడూ పెళ్లాం భోజనానికి కూర్చున్నారు. ఫిట్టరు ఇక వాళ్ల మీద ఆశ వదులుకున్నాడు. తన మందపాటి బొంత తెచ్చి, కంప్యూటర్ క్యాబినెట్ వెనక నుంచి ముందు దాకా, చంటిపిల్లకు కప్పినట్టు ఒక్క సందు లేకుండా కప్పాడు. వెళ్లి ఫ్యాను వేసుకుని పడుకున్నాడు.

గుర్ర్. టక్.

పళ్లు నూరుకుంటూ పావుగంట ఓర్చుకున్నాడు. ఇక వల్లకాక లేచి వెళ్లాడు. “బొంత కప్పినా బుద్ధి రాలేదు దీనికి!”

అల్లుడు చేతిలో బొంతతో, నల్లబడ్డ తెర ముందు నిలబడి ఉన్నాడు. “మామయ్యా, ఇది వేడికి ఆగిపోయి పది నిమిషాలైంది.”

“అబద్ధం. ఇప్పుడే విని వస్తున్నా” అంటూ ఫిట్టరు క్యాబినెట్ మీద చెయ్యి వేసి, చప్పున తీసేశాడు. కాలింది. అల్లుడి మొహం చూశాడు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. పక్కన కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఫిట్టరు చప్పుడు సంగతి వదిలేశాడు. మిషన్ కాలుతుంటే కబుర్లు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

“గీసినంతవరకు ఉందా, పోయిందా?”

“ఉందండీ. మిగిలింది పూర్తి జోరులో నడిపితే రెండుంబావు గంటలు. కానీ ఈ వేడికి నడవదు.”

“పక్క రేకు విప్పు. దీనికి ఊపిరాడట్లేదు.”

ఆయన గదిలోకి వెళ్లి తన టేబుల్ ఫ్యాను ఎత్తుకొచ్చాడు. స్టూలు మీద పెట్టి, విప్పిన క్యాబినెట్‌కు గురిపెట్టి, చల్లారేదాకా గాలి కొట్టాలని స్విచ్ వేశాడు.

గుర్ర్. టక్. గుర్ర్. టక్.

కూతురు మొగుడి వైపు చూసింది. మొగుడు నేల వైపు చూశాడు. ఫిట్టరు ఫ్యాను వైపు చూశాడు, చాలాసేపు.

రెండూ ఇరవైకి కంప్యూటర్ మళ్లీ మొదలైంది. పూర్తి జోరులోనూ అరవై రెండు డిగ్రీలు దాటలేదు. కార్డు మీది ఫ్యాను తిరుగుతోందో లేదో వంగి చూస్తే గాని తెలియలేదు. ఫిట్టరు కుర్చీ లాక్కుని కూర్చుని, పది నిమిషాలకోసారి డిగ్రీలు కాగితం మీద రాసుకున్నాడు. మిల్లు మానేశాక ఆయన మొహంలో అంత కళ ఎవరూ చూడలేదు.

మూడింటికి బిల్డరు ఫోన్ చేశాడు. “పని నడుస్తోందా? అదేంటండీ ఆ చప్పుడు, పిండిమర ఆడిస్తున్నారా?”

అల్లుడు మామగారి వైపు చూడలేదు. “మా కంప్యూటరండీ. కాస్త పాతబడింది.”

ఫిట్టరు కలం ఆగింది. ఆ పది నిమిషాల డిగ్రీలు ఆయన రాయలేదు.

నాలుగూ ముప్పై ఐదుకు బొమ్మ పూర్తయింది. ఐదింటికి ముందే చేరింది. వచ్చే వారం రెండోది మొదలుపెట్టమని బిల్డరు కబురు పంపాడు.

సాయంత్రం ఫిట్టరు తన గదిలో ఫ్యాను విప్పాడు. తాను బిగించిన నాలుగు మరల్లో ఒకటి వదులుగా ఉంది. బిగించాడు. స్విచ్ వేశాడు. గాలి తప్ప ఇంకేమీ వినబడలేదు. గుమ్మంలో కూతురు నవ్వు ఆపుకోలేక చస్తోంది.

“నాన్నా, మూడు నెలలు...”

ఆయన చెయ్యెత్తి ఆపాడు. “ఈ సంగతి నేను మళ్లీ మాట్లాడను” అన్నాడు.

తర్వాత గోడ మీది భార్య ఫొటో వైపు తిరిగి, “నీతో కూడా” అన్నాడు.