అడిగినన్ని దిండ్లు ఇవ్వబడును

నూతి చప్టా మీద గొంతుక్కూర్చుని మా అత్త నారాయణమ్మ దిండు గలీబులు జాడిస్తోంది. పిండినవాటిని అందుకుని నేను తాడు మీద ఆరేస్తున్నాను. ఆషాఢ మాసం. ఒక కన్ను తాడు మీద, ఒక కన్ను మబ్బు మీద ఉండాలి. అలా రెండు కళ్లూ చెరోవైపు పోయిన వేళ నాకొక మహా సత్యం తోచింది.

మనిషికి ఒక దిండు చాలదు!

నవ్వకండి. నేనూ ఒకప్పుడు మీలాగే అజ్ఞానిని. మా ఊళ్లో ఆ ఒక్క దిండు కూడా ఉండేది కాదు. చేయి మడిచి తలకింద పెట్టుకుని తెల్లారేదాకా ఒళ్లెరగకుండా నిద్రపోయేవాళ్లం. ఎంత వెనకబాటుతనం! పెళ్లయి సింహాచలం కొండకిందికి కాపురానికి వచ్చాక గాని నాకు నాగరికత అంటే ఏమిటో తెలియలేదు.

మా మేడ మీద రెండు గదులున్నాయి. అప్పన్న దర్శనానికి వచ్చేవాళ్లకు ఒక రోజుకో, రెండు రోజులకో ఇస్తాం. మా వీధిలో అందరూ ఇస్తారు. ఒకరింట్లో వేడినీళ్లుంటాయి, ఒకరింట్లో కలర్ టీవీ ఉంటుంది. మరి మనింట్లో ఏముంది? ఈ ప్రశ్న మా మావయ్య శ్రీరామ్మూర్తి గారిని చాలా కాలం తొలిచింది. ఆయన పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, ఆలోచనకు తీరిక ఉన్న మనిషి. ఏదో పెళ్లికి వెళ్లి ఏసీ హోటల్లో పడుకుని వచ్చారు. అక్కడ ఒక్కో మంచానికి నాలుగు దిండ్లట! వారం తిరక్కుండా మా గేటుకు బోర్డు వేలాడింది. "యాత్రికులకు గదులు కలవు. అడిగినన్ని దిండ్లు ఇవ్వబడును."

ఎవరిస్తారో, ఎవరు ఉతుకుతారో బోర్డు మీద లేదు. రేకు చిన్నది మరి, అంత చోటెక్కడిది?

ఇక చూడండి, జనం ఎలా తెలివిమీరారో! తలకింద ఒకటి, ఇది పాత పద్ధతి. కొండ మెట్లెక్కి దిగిన కాళ్ల కింద రెండు. పసిపిల్ల దొర్లిపోకుండా అటొకటి, ఇటొకటి. గోడ చల్లగా ఉందని వీపుకొకటి. పేకాటకు కూర్చోడానికి మనిషికొకటి. గాలికి కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో ఒకటి. రాజాం నుంచి వచ్చిన ఒక పెద్దాయన పులిహోర గిన్నె చల్లారకుండా చుట్టూ దిండ్లు పేర్చి పొదగేశాడు. సాయంత్రానికి గిన్నె వెచ్చగానే ఉంది, గలీబు పచ్చగా ఉంది. ఇన్ని విధాల ఆదుకునే వస్తువు లోకంలో ఇంకొకటుందా? దీన్ని రేషన్ కార్డు మీద ఎందుకివ్వరో నాకర్థం కాదు.

పైగా ఎంత విజ్ఞానం! గలీబు చేతికొస్తే మనిషి కథంతా చెప్పేయగలను. కొబ్బరినూనె అచ్చు పడితే కోనసీమ వైపు వాళ్లు. ఆముదం జిడ్డయితే ఏజెన్సీ దగ్గరి వాళ్లు. నల్లరంగు దిగితే పెళ్లికొడుకు తండ్రి. కాటుక చారలుంటే కొత్త జంట, అమ్మాయి రాత్రి ఏడ్చింది. ఇవి ఏ కాలేజీలో చెబుతారు?

మావయ్య గారు చేతులు ముడుచుకుని కూర్చున్నారని మాత్రం అనుకోకండి. గలీబు విప్పి ఉతకడం, మళ్లీ తొడగడం అనవసరపు శ్రమ అని కనిపెట్టి, ఒకసారి బూరుగుదూది దిండును దిండుగానే సర్ఫు నీళ్లలో ముంచారు. ఓడలు చూసిన కళ్లు కదా, తేలుతుందన్నారు. తేలింది కూడా! ఆ తర్వాత అది ఎండలేదు. ఎండలో పెడితే వాన, ఇంట్లో పెడితే ముక్క వాసన. కొన్నాళ్లకు కుట్టు సందులోంచి రెండు పచ్చటి ఆకులు తలెత్తి చూశాయి. లోపల ఎక్కడో మిగిలిన బూరుగు గింజ మొలకెత్తింది! మావయ్య వీధివీధంతా తిప్పి చూపించారు. "ఇంక దిండ్లు కొనక్కర్నేదు. పెరట్లోనే కాత్తాయి" అన్నారు.

అన్నింటినీ మించిన వరం మాత్రం గంధం.

కొండ మీద తలనీలాలిచ్చినవాళ్లు గుండుకు నిండా గంధం పూసుకుంటారు. పూసుకుని తిన్నగా వచ్చి మా దిండు మీద వాలతారు. ఆ గలీబు ఉతికిన నీళ్లు కాలువలో పోయడానికి వీల్లేదు. అది అప్పన్న గంధం, కాలికింద పడకూడదు. మా వీధిలో ఎవరింట్లోనైనా ఆ నీళ్లు చెట్టు మొదట్లోనే పోస్తారు. మా కొబ్బరిచెట్టు పెరటి కొసన ఉంది. నూతి దగ్గర బకెట్టెత్తి అత్త అక్కడికి వెళ్తుంది, పోస్తుంది, వస్తుంది. మళ్లీ ఎత్తుతుంది. గుండ్లు పెరిగితే గలీబులు, గలీబులు పెరిగితే బకెట్లు. మా కొబ్బరినీళ్లు గంధం వాసనేస్తాయని మావయ్య గదుల్లోవాళ్లకు చెబుతుంటారు. నేనూ తాగి చూశాను. కొబ్బరినీళ్ల వాసనే వచ్చింది. నా భక్తి చాలలేదేమో!

ఇంత సుఖమైన ఇంట్లో కూడా మా అత్తకు ఒక కోరిక మిగిలిపోయింది. గిరి ప్రదక్షిణ చేయాలట.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ ఉత్తకాళ్లతో నడిచి రావడమే గిరి ప్రదక్షిణ. మా ఆయన సాయిశంకర్‌కు పలకా బలపం పట్టే వయసులో విషజ్వరం వస్తే, తగ్గితే నడుస్తానని అత్త మొక్కుకుంది. తగ్గింది. పిల్లాడు పెరిగి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేస్తున్నాడు, పెళ్లి చేసుకుని నన్ను తెచ్చుకున్నాడు. మొక్కు మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే సరిగ్గా ఆ రోజే, నడవడానికి వచ్చేవాళ్లతో మా మేడ నిండిపోతుంది. వాళ్లు నడుస్తారు. ఆవిడ గలీబులు తొడుగుతుంది.

మేం గలీబులు ఉతుకుతున్న ఆ ఉదయం ప్రదక్షిణ రోజే. నూతి దగ్గర అత్త తలెత్తకుండానే అంది, "ఈయేడు నాను నడుత్తాను."

అరుగు మీద పేపర్ చదువుతున్న మావయ్య పేజీ తిప్పారు. "నడుద్దువుగాని నేవే. మేడమీదోలికి దిండ్లు ఎవులిత్తారు?"

"మీరియ్యండి."

"నానా? దిండ్లా?" కొండను ఎత్తుకుని రమ్మన్నట్టు ఆయన నవ్వారు. "ఓసి ఎర్రిదానా! నూతికాడ్నించి సెట్టుకాడికి రోజూ ఎన్నిపాలు తిరుగుతన్నావు? అదీ సేతిలో గంధం నీల్లతో! అప్పన్న సూత్తన్నాడా నేదా? నీ పెదచ్చినం ఎప్పుడో అయిపోయింది."

పాఠకులారా, ఈ మాటకు ఎదురు చెప్పగల పండితుడెవరైనా ఉన్నాడా? కొండ చుట్టూ తారురోడ్డు, లారీలు, గాజు పెంకులు. పెరట్లో అయితే చల్లటి నీడ! కొండ చుట్టూ తిరిగేవాడు ఏడాదికొకసారి తిరుగుతాడు. మా అత్తకు రోజూ ప్రదక్షిణే, అదీ ఇంటి గేటు దాటకుండా. ఇంతటి పుణ్యం ఇంటికి తెచ్చిపెట్టిన అదనపు దిండుకు మనం గుడి కట్టించవద్దూ?

అత్త బకెట్టెత్తుకుని చెట్టు వైపు వెళ్లింది.

మధ్యాహ్నం బొబ్బిలి వైపు నుంచి సన్యాసమ్మ గుంపు దిగింది. ఏటేటా వచ్చేవాళ్లే. గదిలో సంచులు పెట్టి, దిండ్లు నొక్కి చూసి, సన్యాసమ్మ కిందికి వచ్చింది.

"నీకేటమ్మా, కొండకిందే కాపురం. ఏటేటా నడిసేత్తావు, పున్నెమంతా నీదే" అంది.

"నాను ఒక్కపాలీ నడవనేదమ్మా" అంది అత్త.

సన్యాసమ్మ బుగ్గన చేయి వేసుకుంది. "ఓలమ్మ! ఇక్కడే ఉండి నడవనేదా? బస్సుల్లో నలిగి మేం వత్తన్నాం! అవున్లే, కొండకిందోలికి అప్పన్నంటే ఏటి నెక్క!" గుంపులోవాళ్లు కిసుక్కున నవ్వారు. "పోన్లే, మేం నడిసొచ్చేతలికి కాల్లకిందికి దిండ్లు ఎక్కువెట్టించు. మెత్తటియి సూడు."

అత్త తలూపింది. నూతి దగ్గరికి వెళ్లింది. ఇంకేవో గలీబులు మిగిలాయనుకున్నాను. చేదెడు నీళ్లు తోడి నెత్తిమీద పోసుకుంది. ఇంకో చేద, ఇంకో చేద. లోపలికి వెళ్లి పసుపు చీర కట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏటే, కొబ్బరికాయట్టుకుని ఎక్కడికే?" మావయ్య పేపర్ దించారు.

అత్త ఆయన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. తడి జుట్టు ముడేసుకుంటూ మెట్లు దిగి, వీధిలో తొలిపావంచా వైపు పోతున్న జనంలో కలిసిపోయింది.

మావయ్య గేటుదాకా వెళ్లి వచ్చారు. "ఏటయిందే దీనికి?" అని చెట్టునో నూతినో అడిగారు. అప్పుడే పైనుంచి కేక వినపడింది. "బాబూ! మా గదికింకో నాలుగు దిండ్లు!"

ఆయన చూపు మెల్లగా నా మీద వాలింది. పెళ్లయినప్పటి నుంచీ వినని తీయటి గొంతుతో పిలిచారు, "అమ్మా పుష్పా! నువ్వయితే సదువుకున్న పిల్లవి, దిండు విలువ తెలిసినదానివి."

నా అదృష్టానికి నాకే ఒళ్లు జలదరించింది! వేరే ఇళ్లలో అత్త బీరువా తాళాలిస్తుంది, నగలిస్తుంది. మా ఇంట్లో ఏకంగా దిండ్లే వచ్చి ఒళ్లో పడుతున్నాయి. ఇక ఏటేటా ఈ రోజున ఊరంతా నడుస్తుంటే, నేను హాయిగా పెరట్లో తిరుగుతుంటాను. నూతి, చెట్టు, నూతి, చెట్టు. నా తల నెరుస్తుంది, నాకూ ఒక కోడలు వస్తుంది, తాడు కింద నిలబడి నన్ను చూస్తుంది. ఆహా, ఎంత ముందుచూపు గల వరం!

ఆ సంతోషంలో కూడా నేను ధర్మం మరవలేదు. అంత జనంలోకి పెద్దావిడను ఒంటరిగా పంపడం పద్ధతేనా, మీరే చెప్పండి?

అడిగిన నాలుగు దిండ్లూ తెచ్చి మావయ్య గారి చేతుల్లో గడ్డం అంటేలా పేర్చాను. పైనుంచి మళ్లీ కేక వేశారు. చెప్పులు విప్పి అరుగుకింద పెట్టి, గేటు దాటాను.